విల్లు వీణ

మధ్యాహ్నం భోజనాలయిన తరువాత మొదటి పీరియడు తెలుగువారికి ఇస్తారు. ఏ కాలేజీలోనైనా ఇదే వరస. లెక్కలకూ ఫిజిక్సుకూ పొద్దుటిపూట తాజా బుర్రలు కావాలిట. తెలుగుకయితే పిల్లలు కునికినా ఫరవాలేదు, పాఠం చెప్పేవాడు కునక్కుండా ఉంటే చాలునని పెద్దల అభిప్రాయం కాబోలు. అంచేత ఆ వేళప్పుడు కాస్త గొంతు పెంచి, మధ్య మధ్య ఒకటి రెండు చమత్కారాలు విసిరి, పిల్లల్ని మేలుకొలుపుతూండటం నాకు ఇరవై ఏళ్ళుగా అలవాటయిపోయింది. ఆ అలవాటే నన్ను దెబ్బ తీసింది.

ఆవేళ శారదా ప్రార్థన పద్యం చెబుతున్నాను. పద్యం బాగా వచ్చింది, గొంతు బాగా పలికింది, పిల్లలు కూడా మెలకువగానే ఉన్నారు. ఆ ఊపులో పద్యంలో లేని మాట ఒకటి నా సొంతంగా చేర్చాను. "వేదకాలం నుంచీ ఈనాటి దాకా రాజ్యాలు మారాయి, భాషలు మారాయి. కాని ఆ తల్లి చేతిలో వీణ మాత్రం మారలేదు. రెండు వేల ఏళ్ళ నాడు ఎలా ఉందో మన ఇళ్ళల్లో ఈనాడూ అలాగే ఉంది" అన్నాను.

మూడో బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి నుంచున్నాడు. అమరావతి పక్కన పల్లెటూరు అతనిది. రోజూ బస్సు మీద వచ్చి పోతూంటాడు. ఎన్నడూ నోరెత్తినవాడు కాడు.

"సార్, అమరావతి బొమ్మల్లో వీణ అలా ఉండదండి. విల్లులాగా ఉంటుందండి" అన్నాడు. చేతిలో చిన్న పుస్తకం ఉంది. మ్యూజియం దగ్గర కొన్నాడట. నాకు చూపిద్దామని పేజీ కూడా తెరిచి పట్టుకున్నాడు.

నేను ఆ పేజీ చూడలేదు. చూడకపోగా, "ఓహో, అయితే సరస్వతీదేవి వీణ వాయించదన్నమాట, బాణాలు వేస్తుందన్నమాట!" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. కుర్రవాడు పుస్తకం మూసి కూచున్నాడు. మర్నాటి నుంచి అతని పేరు 'అర్జునుడు' అయిపోయింది. వరండాలో ఎవడో 'అర్జునా!' అని కేక వెయ్యటం, తక్కినవాళ్ళు నవ్వటం నేను విన్నాను. విని, నా చమత్కారం ఇంత దూరం పాకిందే అని, దాచటమెందుకు, కొంచెం మురిసిపోయాను కూడాను. వారం పదిరోజులకు అతను నా క్లాసుకు రావటం మానేశాడు. వచ్చినా వెనక బెంచీ. హాజరు పలికేవాడు, అంతే.

ఇక్కడ మా ఇంటి వీణ సంగతి చెప్పాలి.

మా అమ్మకు 1971లో పెళ్ళయినప్పుడు తాతగారు నూజివీడులో చేయించి ఇచ్చిన వీణ అది. కుండా దండీ పనసచెక్క. యాళి ముఖానికి ఎర్రరంగు వేసి ఉంటుంది. చిన్నప్పుడు ఆ నాలుక పట్టుకుని లాగేవాణ్ణని ఇప్పటికీ చెబుతుంది. బందరులో ఉండగా ఒక పంతులుగారి దగ్గర ఎనిమిదేళ్ళు నేర్చుకుందిట. కచేరీలు చెయ్యలేదు. అప్పట్లో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కచేరీలు చెయ్యటమన్న ఊసే లేదు. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని అయిపోగానే, స్టవ్వు మీద పప్పు ఉడికేలోగా, ఒక కీర్తన వాయించుకునేది. ఈమని శంకరశాస్త్రిగారి కచేరీ రేడియోలో వస్తుందంటే ఆ పూట మాకు అన్నం ఆలస్యం. చిట్టిబాబుగారు వీణ మీద కోయిల కూతలు పలికిస్తే మాత్రం, "ఆహా, బాగానే ఉంది గాని, కోయిలే కూయొచ్చుగా" అనేది.

మూడేళ్ళ క్రితం అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి పోయింది. వీణకు ఎడమచెయ్యే ప్రాణం. మెట్ల మీద తీగ నొక్కేదీ, లాగేదీ, గమకం పలికించేదీ అదే. కుడిచెయ్యి మీటుతుందంతే. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకు తనే చెప్పి, పాత పట్టుచీర చుట్టించి, వీణను బీరువా మీద పెట్టించింది. ఆ తరువాత దాని మాట ఎత్తలేదు.

ఈ ఏడు సత్యనారాయణపురంలోని పాత ఇల్లు విడిచి అపార్టుమెంటుకు మారాలని నిర్ణయించాం. కొత్త ఇంట్లో బీరువాలు గోడలోనే ఉంటాయి, వాటి మీద ఏమీ పెట్టటానికి వీలుండదు. గుడివాడ వైపు ఒక హోటలు పెడుతున్న పెద్దమనిషి, లోపల అలంకరణకు పాత వీణ ఒకటి కావాలని ఎవరి ద్వారానో కబురు పంపాడు. మా ఆవిడ వద్దన్నది. మా అమ్మాయి ఏడ్చింది. అమ్మను అడిగితే, "నీ ఇష్టం నాన్నా, మూగదాన్ని ఎన్నాళ్ళు మోస్తావు" అంది. నేను బేరం కుదుర్చుకున్నాను. పై నెల మొదటి ఆదివారం వచ్చి తీసుకువెళతానన్నాడు.

ఇలా ఉండగా ఒక పని మీద మద్రాసు వెళ్ళవలసి వచ్చింది. చెన్నై అనాలి గాని నా నోటికి మద్రాసే వస్తుంది. పినాకినీలో దిగేసరికి మధ్యాహ్నం అయింది. పని మర్నాటికి గాని తెమలదన్నారు. ఏం చేద్దామా అనుకుంటే, ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి రాళ్ళున్నాయని గుర్తుకొచ్చింది. ఎందుకు గుర్తుకొచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మూసిన ఆ పుస్తకం ఎక్కడో లోపల గుచ్చుకుంటూనే ఉంది.

అమరావతి రాళ్ళు మద్రాసులో ఎందుకున్నాయంటే అదో కథ. 1797 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె తవ్వి రాళ్ళూ ఇటుకలూ ఎత్తుకుపోతూంటే, కల్నలు మెకంజీ చూశాడు. 1845లో వాల్టరు ఎలియట్ మరి కొంత తవ్వించి, దొరికిన పలకల్ని మద్రాసు చేర్పించాడు. అవి అక్కడ ఎండకూ వానకూ చాలాకాలం పడివున్నాయి. 1859లో వాటిలో పెద్దభాగం ఓడెక్కి లండను పోయింది. ఇప్పుడు బ్రిటిషు మ్యూజియంలో ఉన్నది ఆ సరుకే. మిగిలినవీ, తరువాత తవ్వగా వచ్చినవీ చాలామటుకు మద్రాసులో ఉండిపోయాయి. కొన్ని మన అమరావతిలో ఉన్నాయి. పలనాటి సున్నపురాయి అది. రెండు వేల ఏళ్ళ నాటి ఉలిదెబ్బ ఇంకా వెన్నమీద గోటిగీరలా కనిపిస్తుంది.

ఆ గదిలో నేను చాలాసేపు బుద్ధుడి కథలే చూస్తూ తిరిగాను. చివరికి ఆడవాళ్ళ మేళం ఒకటి కనబడింది. నడుమ నాట్యం చేసే అమ్మాయి, చుట్టూ డప్పులు, పిల్లనగ్రోవులు. వాళ్ళలో ఒకామె ఒళ్ళో చిన్న పడవలాంటిది పెట్టుకుంది. ఆ పడవ ముక్కు సన్నగా సాగి, విల్లులాగా వంగి పైకి లేచింది. ఆ వంపుకీ పడవకీ మధ్య తీగలు. మెట్లు లేవు, సొరకాయ బుర్ర లేదు, యాళి లేదు. అక్షరాలా విల్లు!

కుర్రవాడు చెప్పింది చెప్పినట్లుంది. నాకు ఆ చల్లని గదిలో చెమట పట్టింది.

విజయవాడ వచ్చాక పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. చెయ్యవలసిన పని ఇరవై ఏళ్ళ క్రితమే చెయ్యవలసింది. ఆనంద కుమారస్వామి 1930లోనే వీణ అంగాల మీద ఒక వ్యాసం రాసి, ప్రాచీన గ్రంథాల్లో వీణ అన్నది ఈ విల్లు ఆకారపు వాద్యమేనని తేల్చాడు. శివరామమూర్తిగారు 1942లో మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాల మీద పెద్ద గ్రంథం రాస్తూ, అందులోని వాద్యాలకు విడిగా గీతబొమ్మలు వేసి చూపించారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన చిత్రవీణకు ఏడు తంత్రులు, విపంచికి తొమ్మిది. చిత్రను వేళ్ళతో, విపంచిని కోణమనే పుల్లతో మీటాలి. జాతక కథలో గుత్తిలుడనే వీణావిద్వాంసుడు శిష్యుడితో పోటీపడి తన తీగలు ఒక్కొక్కటే తెంచివేస్తూ వాయించినదీ ఇలాంటి ఏడు తీగల వీణే. ఉదయనుడు ఏనుగుల్ని లొంగదీసిన ఘోషవతిని నేను క్లాసులో ఎన్నోసార్లు వర్ణించాను. ఎప్పుడూ నా కళ్ళకు కట్టింది మా అమ్మ నూజివీడు వీణే!

ఇప్పుడు మనం సరస్వతీవీణ అంటున్న దానికి ఇరవై నాలుగు మెట్లు మైనంతో బిగించి స్థిరపరిచింది పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలోనని చెబుతారు. తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథుడే. అంటే మన తల్లి చేతిలోని వీణ, మన కవిత్రయం కంటే చిన్నది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతలా నిద్ర పట్టకపోవటానికేముందని మా ఆవిడ అడిగింది. నిజమే, వీణ వయసు తగ్గితే ఎవరికి నష్టం? నా బాధ వీణ గురించి కాదు గదా.

ఇంతలో మా మేనల్లుడు, కెన్యాలో నైరోబీలో ఉద్యోగం చేస్తున్నవాడు, ఫోను చేశాడు. ఈ గొడవంతా వాడికి చెప్పాను. "మావయ్యా, ఇక్కడ లువో అనే తెగవాళ్ళు ఇలాంటిదే వాయిస్తారు. మొన్న కిసుములో చూశాను, వీడియో పంపుతా" అన్నాడు. పంపాడు.

చూద్దును గదా, ఒక ముసలాయన పొట్టి పీట మీద కూచుని ఉన్నాడు. ఎదురుగా దొప్పలాంటి చెక్కకుండ. దానిమీద తోలు బిగించి ఉంది. కుండలోంచి పైకి కొమ్ములు, ఎనిమిది తీగలు. కాలి బొటనవేలికి ఇనుపకడియం. దానితో వాద్యం చట్రం మీద ఠంగు ఠంగున తాళం కొడుతూ, చేత్తో తీగలు మీటుతూ, నోటితో పాట! కాలికి గజ్జెలు కూడా. మన బుర్రకథ కథకుడు, ఇద్దరు వంతలు, మొత్తం దళాన్నంతా ఒక్క మనిషిలో కుదించినట్లుంది. ఆ వాద్యం పేరు న్యాటిటి అట.

ఇక నా సంగతి చెప్పాలా? తప్పు చేసినవాడికి ఆ తప్పును ఏదో ఒక ఘనకార్యంతో కప్పిపుచ్చుకోవాలని ఆత్రం ఉంటుంది. నేను ఆ రాత్రే కాగితాలు ముందేసుకున్నాను. మన కృష్ణా ముఖద్వారంలో ఘంటసాల ఉంది. టాలెమీ రాసిన కంటకస్సిల అదేనని పండితులంటారు. రోము నుంచి సరుకు దిగిన రేవు. శాతవాహనుల నాణాల మీద ఓడ బొమ్మ ఉండనే ఉంది. ఓడలున్నాయి, రేవు ఉంది, విల్లు వీణ ఉంది, ఆవలి ఒడ్డున అలాంటి వాద్యం ఉంది. ఇంకేం కావాలి? "ఆంధ్రుల వీణ ఆఫ్రికాకు వెళ్ళిన వైనం" అని పేరు పెట్టి పదహారు పుటలు రాసి పారేశాను. హీబ్రూ వాళ్ళ కిన్నోరుకూ మన కిన్నెరకూ పేరు కలిసిందని ఇంకో రెండు పుటలు దట్టించాను. గుంటూరులో ఒక సదస్సు ఉంది, అక్కడ చదవాలని.

కాగితాలు జిరాక్సు తీయించటానికి గవర్నరుపేటలో ఒక షాపుకు వెళ్ళాను. మిషను వెనకనుంచి, "ఎన్ని కాపీలండీ?" అన్న గొంతు వినిపించింది. మా అర్జునుడు!

సాయంత్రంపూట అక్కడ పనిచేస్తున్నాడట. ఆర్నెల్లయిందిట. నాకు నోట మాట రాలేదు. అతను మామూలుగానే కాగితాలందుకున్నాడు. మొదటి పుటలో నేను పక్కపక్కన అంటించిన రెండు బొమ్మలూ ఉన్నాయి. ఎడంపక్క అమరావతిది, కుడిపక్క న్యాటిటి. అతను వాటికేసి చూస్తూ కాసేపు ఆగిపోయాడు. తరువాత మిషను మూత వేశాడు, బటను మాత్రం నొక్కలేదు.

"ఏమిటి?" అన్నాను.

"ఏం లేదండి."

"ఫరవాలేదు, చెప్పు బాబూ."

తల వంచుకునే చెప్పాడు. "దీనికి రెండు కొమ్ములున్నాయండి. ఆ రెండిటి మీదా అడ్డకర్ర వేసి దానికి తీగలు కట్టారండి. మనదానికి ఒకటే కొమ్మండి. అడ్డకర్ర లేదండి. రెండూ ఒకటేనని మీరు..." అని ఆపేశాడు.

బొమ్మకేసి చూశాను. పదిహేను రోజులుగా చూస్తున్న బొమ్మే. రెండు కొమ్ములు! చంటిపిల్లవాడు కూడా లెక్కపెట్టగలడు. మన విల్లు వీణకు మెడ ఒకటే. తీగలు ఆ మెడనుంచి ఏటవాలుగా వచ్చి కుండలోకి దిగుతాయి. వాళ్ళదానికి మన బావి గిలకకు నిలబెట్టినట్లు రెండు రాటలు, వాటి మీద దూలం. దూలం నుంచి తీగలు తోలు మీదుగా సాగి కింద కట్టుబడతాయి. జాతే వేరు. ఇంగ్లీషువాళ్ళు ఒకదాన్ని హార్పు అనీ, రెండోదాన్ని లైరు అనీ విడిగా పేర్లు పెట్టుకున్నది ఇందుకే. అయితే వాళ్ళూ తక్కువ తినలేదు లెండి. సముద్రగుప్తుడు కాలుమీద కాలు వేసుకుని వీణ వాయిస్తున్న బంగారు నాణెం ఉంది గదా, అందులో ఉన్నది మన ఒంటిమెడ విల్లు వీణే. నాణాల పండితులు దానికి 'లిరిస్టు' నాణెమని పేరు పెట్టారు. ఆ పేరే ఈనాటికీ చెల్లుతోంది. నాకు తోడు దొరికారని కొంచెం ఊరట కలిగింది గాని, అది నిలిచే ఊరట కాదు.

లువోల వాద్యానికి దాని వంశం దానికే ఉంది. మన రేవుల సాయం దానికి అక్కర్లేదు. ఇరాకులో ఊరు అనే ప్రాచీన నగరంలో, అవును, దాని పేరే ఊరు, 1920ల్లో ఊలీ అనే ఆయన రాజుల సమాధులు తవ్వితే ఎద్దుతలలు చెక్కిన లైరులు దొరికాయి. అవి నాలుగున్నర వేల ఏళ్ళనాటివి. ఈజిప్టులో బెనీ హసన్ అనేచోట ఒక సమాధి గోడమీద, తూర్పునుంచి వచ్చిన వలసజనం గుంపులో ఒకడు లైరు పట్టుకుని నడుస్తున్న బొమ్మ ఉంది. దానికి సుమారు మూడు వేల తొమ్మిది వందల ఏళ్ళు. అక్కడినుంచి నైలునది వెంట ఎగువకు పోతే సూడానులో నూబియావాళ్ళ కిసిరు, ఇథియోపియాలో ఆరు తీగల క్రారు, పది తీగల బెగెనా, యుగాండాలో గాండావాళ్ళ ఎండోంగో, చివరికి విక్టోరియా సరస్సు గట్టున లువోల న్యాటిటి, గూసీల ఒబొకానో. లువోలు కూడా నైలు ఎగువనుంచి శతాబ్దాల మీద దక్షిణానికి దిగివచ్చిన జనమే. నది పారేది ఉత్తరానికి, వాద్యం నడిచింది దక్షిణానికి. ఏ తెగవాళ్ళు ఎవరి దగ్గర ఏది నేర్చారో వరసపెట్టి చెప్పటం కష్టం గాని, దారి మాత్రం అదేనని పండితుల ఊహ.

ఇథియోపియావాళ్ళు బెగెనాను దావీదు మహారాజు వాయించిన వాద్యమేనని నమ్ముతారు. ఉపవాసదినాల్లో దానితో ప్రార్థనలు పాడుకుంటారు. మన తెలుగు బైబిలులో అదే దావీదు చేతికి సితారా ఇచ్చారు. తప్పుపట్టటానికి వీల్లేదు. తెలుగువాడి చెవికి తెలిసిన తీగవాద్యం పేరు చెప్పాలి గదా. నేను ఘోషవతికి నూజివీడు కుండ తగిలించినట్లే. ఇక కిన్నెర సంగతి. మొన్న 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరను చూసినవాళ్ళకు తెలుసు. వెదురుకర్ర, మెట్లు, కింద సొరకాయ బుర్రలు. కిన్నోరుతో దానికి పేరు పోలికే గాని ఒడ్డూ పొడుగూ ఎక్కడా కలవవు. ఆ రెండు పుటలూ అలా పోయాయి.

మరి మన విల్లు వీణ ఏమయింది? తొలి సహస్రాబ్ది ముగిసేసరికి మన శిల్పాల్లోంచి అది జారుకుంది. అరవదేశంలో యాళ్ అని పేరుండేది. విపులానందస్వామి దానికోసం జీవితంలో ఎన్నో ఏళ్ళు ధారపోసి 1947లో గ్రంథం వెలువరించాడు. సముద్రం దాటి బర్మా వెళ్ళినది మాత్రం బతికింది. అక్కడ సౌంగ్ అంటారు. అదే పడవ, అదే వంపు, జింకతోలు కప్పి, బంగారు పూత పూసి ఎంతో గారాబంగా చూసుకుంటారు. మన దేశంలోనూ మధ్యప్రదేశ్‌లో మండలా అడవుల్లో గోండుల కథలు పాడే ప్రధానుల దగ్గర బిన్ బాజా అని ఐదు తీగల చిన్న విల్లు వీణ ఈ మధ్యదాకా ఉన్నట్లు పరిశోధకులు రాశారు. మహారాజుల ఒడిలో పెరిగింది చివరికి గోండుల గుడిసెలో తలదాచుకుంది.

షాపు దగ్గరకు వస్తాను. వెనక మరో ఇద్దరు కాపీలకోసం నుంచున్నారు. "బాబూ, ఆవేళ నీ పుస్తకం నేను చూడవలసింది" అన్నాను. ఇంకా ఏదో అనాలనుకున్నాను గాని ఇరవై ఏళ్ళుగా గంటలకొద్దీ మాట్లాడిన నోరు అక్కడ ఆగిపోయింది. అతను "అయ్యో, దానికేముందండి" అన్నాడు. దానికేముందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఆ పద్దెనిమిది పుటలకూ జిరాక్సు ఖర్చు మిగిలింది.

రెండ్రోజుల తరువాత క్లాసులో, నేను చెప్పింది తప్పని, అతను చెప్పింది ఒప్పని చెప్పాను. పిల్లలు వింతగా చూశారు. బోర్డు దగ్గరకు వచ్చి రెండు బొమ్మలూ గియ్యమని అతన్ని పిలిచాను. లేవలేదు. పిలిచిన తీరులో మళ్ళీ నలభై మంది కళ్ళూ అతని మీదికి తిప్పానని అప్పుడు తట్టింది. ఇక బలవంతపెట్టక, నేనే గీశాను. నాకు బొమ్మలు రావు. న్యాటిటి రెండో కొమ్ము వంకరగా వస్తే, వెనక బెంచీనుంచి, "ఇంకొంచెం బయటికి లాగండి సార్" అన్న మాట వినిపించింది. లాగాను. పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ అర్జునుడనే అంటున్నారు. అతను పలుకుతున్నాడు.

ఆ సాయంత్రం అమరావతి బొమ్మ అమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టించుకుని చాలాసేపు చూసింది.

"మెట్లేవిరా?" అంది.

"లేవమ్మా. తీగకు ఒక్కటే స్వరం. ఎన్ని తీగలుంటే అన్ని స్వరాలు."

"మరి గమకం ఎలా పలుకుతుంది? తీగ లాగటానికి కింద ఆనిక ఉండొద్దూ?" కాసేపాగి, "అందుకే పోయుంటుంది. కాంభోజి ఎలా వాయిస్తారు దాని మీద, పాపం" అంది.

నేను వారం రోజులు పుస్తకాల్లో వెతికి పట్టుకున్న కారణం అదే. కర్రమీద మెట్లు కట్టిన వీణలు వచ్చాక, ఒకే తీగ మీద స్వరాన్ని వంచటానికీ ఊపటానికీ వీలయింది. మన సంగీతం ఆ వంపుల వెంట పోయింది. ప్రతి స్వరానికీ వేరే తీగ ఉన్న విల్లు వీణ వెనకబడింది. అమ్మ ఇదంతా చదవలేదు. ఎనిమిదేళ్ళు వేళ్ళు కోసుకుంది.

తరువాత మెల్లిగా అంది: "అయితే దానికి ఎడంచెయ్యి పట్టుకోవటానికేనన్నమాట."

నేను జవాబు చెప్పలేదు. మా అమ్మాయి విన్నది. బల్ల వేసుకుని ఎక్కి, నన్ను పిలవకుండానే, బీరువా మీదనుంచి వీణ దింపింది. పట్టుచీర విప్పితే మైనం ఎండి రెండు మెట్లు ఊడి వచ్చాయి. పంచమం తీగ తుప్పుపట్టి ఉంది. అయినా బిరడాలు తిప్పి ఎలాగో శ్రుతి చేశారు. ఆమె చెబుతూంది, ఇది తిప్పుతూంది, అరగంట పట్టింది. అమ్మ మంచం మీద గోడకానుకుని కూచుంది. వీణ ఆవిడ ముందు, మా అమ్మాయి పక్కన. కుడిచేత్తో అమ్మ సారణి మీటింది. మెట్ల మీద నొక్కేది మా అమ్మాయి ఎడమచెయ్యి.

"అక్కడ కాదే, కొంచెం పైకి. ఆఁ, లాగు. ఇంకా లాగు, తెగదులే."

"నొప్పెడుతోంది మామ్మా!"

"పెట్టనీ. నాకూ పెట్టింది."

సరళీస్వరాలు రెండు వరసలు వాయించారు. ఒకరు మీటటం, ఇంకొకరు నొక్కటం, రెండు చేతులకూ వేళ కుదిరేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

గుడివాడ పెద్దమనిషికి ఫోను చేశాను. అడ్వాన్సు వెయ్యి రూపాయలు ఆయన తిరిగి తీసుకోవటానికి కొంచెం అలిగాడు. కొత్త ఇంట్లో వీణ ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. హాల్లో సోఫా ఒకటి తీసేస్తే చోటుంటుందని మా ఆవిడ అంటోంది.